ఉన్ని కట్టిన ఊరు, కాంక్రీటు కూల్చిన బురుజు: సాంతో స్తెఫానో ది సెస్సానియో చరిత్ర

మధ్య ఇటలీలోని అబ్రుజో ప్రాంతంలో గ్రాన్ సాస్సో పర్వతాలున్నాయి. వాటిలో ఎత్తైన శిఖరం కోర్నో గ్రాందే, 2,912 మీటర్లు. ఆ పర్వతాల దక్షిణపు వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 1,250 మీటర్ల ఎత్తున సాంతో స్తెఫానో ది సెస్సానియో అనే చిన్న ఊరుంది. ఇప్పుడు అక్కడి జనాభా లెక్కలో ఉన్నది వంద పైచిలుకు మనుషులే. చలికాలంలో నిజంగా ఇళ్లలో పొయ్యి వెలిగించేవారు అంతకంటే తక్కువ. 20వ శతాబ్దం మొదట్లో ఇదే ఊళ్లో సుమారు 1,500 మంది ఉండేవారు.

ఇటలీ కొండల్లో ఇలా ఖాళీ అయిన ఊళ్లకు కొదవ లేదు. కానీ ఈ ఊరు ఎలా పుట్టింది, దేనితో బతికింది, ఎందుకు ఖాళీ అయింది, 2009 భూకంపంలో ఏది నిలిచింది, ఏది పడిపోయింది అన్న ప్రశ్నలన్నీ ఒకే చోటికి చేరతాయి. ఈ ఊరి బతుకును నిర్ణయించింది చుట్టూ ఉన్న కొండలు కాదు; 244 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ ఇటలీలో ఉన్న పూల్యా మైదానమూ, ఇంకా దూరంలోని ఉన్ని బజారూ. ఆ బజారు ఉన్నప్పుడు వచ్చిన డబ్బుతో రాతి ఇళ్లు లేచాయి. బజారు పోయాక కొత్తగా కట్టుకునే స్తోమత లేక ఆ ఇళ్లు అలాగే మిగిలాయి. ఇప్పుడు పర్యాటకులు చూడ్డానికి వచ్చే అందం వెనక ఉన్నది ఆ లేమే.

ఇళ్లే కోటగోడ

ఊరి పేరులోని సెస్సానియోకు మూలం సెక్స్‌తాంతియో అనే రోమన్ కాలపు చిన్న నివాసమని చెబుతారు. 8వ శతాబ్దం నుంచి ఈ చుట్టుపక్కల భూములు సాన్ విన్‌చెంజో అల్ వోల్తూర్నో మఠం అధీనంలో ఉండేవి. 11, 12 శతాబ్దాల్లో లోయల్లో చెదురుగా బతికే రైతులూ కాపరులూ కొండ మీదికి చేరి, గుంపుగా ఇళ్లు కట్టుకోవడం మొదలైంది. ఇటలీ అంతటా ఆ కాలంలో జరిగిందే ఇది. దాడుల భయం ఒక కారణం. మనుషుల్ని ఒక్కచోట ఉంచి పన్ను వసూలు చేసుకోవాలనే దొరల అవసరం మరో కారణం. రెండోది కూడా మొదటిదానంత బలమైనదే.

సాంతో స్తెఫానోకు విడిగా ప్రాకారం లేదు. అంచున ఉన్న ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని వలయంలా నిలబడతాయి. వాటి వెనక గోడలే కోటగోడ. అందుకే బయటివైపు కిటికీలు చిన్నవి, నేలకు చాలా ఎత్తులో ఉంటాయి. ద్వారాలు రెండు మూడే. లోపల సందులు ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత వెడల్పు. చాలాచోట్ల సందు మీదుగానే గదులు కట్టారు కాబట్టి దారి సొరంగంలా ఇళ్ల కిందుగా పోతుంది. ఆ కప్పు కింద మంచు పేరుకోదు, గాలి తగలదు. నాలుగు నెలలు మంచు కురిసే చోట ఇది పెద్ద సౌకర్యం.

ఒక్కో ఇల్లు నిలువుగా లేస్తుంది. అడుగున గొర్రెలు, గాడిదలు, కట్టెలు. రాతి మెట్లెక్కితే పొయ్యి గది, అదే వంటిల్లు, అదే పడకగది. ఆ పైన అటక, ధాన్యం, ఎండుగడ్డి. అడుగున ఉన్న జీవాల ఒంటి వెచ్చదనం పైకి వస్తుంది, అటక మీది గడ్డి చలిని ఆపుతుంది. గోడలు స్థానికంగా దొరికే తెల్ల సున్నపురాయితో, సున్నం గారతో కట్టినవి. మందం 60 సెంటీమీటర్లకు తక్కువ ఉండదు. ఎదురెదురు ఇళ్ల మధ్య సందు మీదుగా రాతి కమానులు కనిపిస్తాయి. అవి అలంకారానికి కాదు. ఒక ఇంటి గోడ సందులోకి ఒరగకుండా ఎదుటి ఇంటి గోడ ఆ కమాను ద్వారా కాస్తుంది. 1349, 1461, 1703లలో దగ్గరి నగరమైన లాక్విలా ప్రాంతాన్ని పెద్ద భూకంపాలు కుదిపాయి. ప్రతిసారీ పడిపోయినదాన్ని చూసి నేర్చుకున్న మేస్త్రీల జ్ఞానం ఆ కమానుల్లో ఉంది.

గొర్రెల రాజమార్గం

గ్రాన్ సాస్సో కింద కాంపో ఇంపెరాతోరే అనే విశాలమైన ఎత్తు మైదానం ఉంది. దాదాపు 27 కిలోమీటర్ల పొడవు, 1,500 నుంచి 1,900 మీటర్ల ఎత్తు. వేసవిలో మేలైన పచ్చిక. కానీ అక్టోబర్ తర్వాత అంతా మంచే. అన్ని వేల గొర్రెలకు చలికాలమంతా ఎండుగడ్డి పెట్టడం ఆ ఊళ్ల వల్ల కాదు. దక్షిణాన పూల్యాలోని ఫోజ్జా నగరం చుట్టూ ఉన్న తవోలియెరే మైదానంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం: చలికాలంలో పచ్చగా ఉంటుంది, వేసవిలో మాడిపోతుంది. ఏటా మందల్ని ఈ రెండింటి మధ్య నడిపించడం రోమన్ల నాటికే ఉంది. దాన్ని ప్రభుత్వ వ్యాపారంగా మార్చింది మాత్రం నేపుల్స్ రాజు అరగాన్ వంశపు అల్ఫోన్సో.

1447లో ఆయన గొర్రెల సుంకపు శాఖను స్థాపించాడు. కొన్నేళ్లకు దాని కార్యాలయం ఫోజ్జాకు మారింది. కాపరులు తవోలియెరేలోనే మేపుకోవాలి, అందుకు వంద గొర్రెల లెక్కన పుల్లరి కట్టాలి. బదులుగా రాజు మూడు హామీలిచ్చాడు: శీతాకాలమంతా కేటాయించిన పచ్చిక, దారిలో ఎవరూ ఆపకుండా రక్షణ, స్థానిక దొరల కోర్టులతో నిమిత్తం లేకుండా కాపరులకు సొంత న్యాయస్థానం. మూడోది చిన్న విషయం కాదు. దారిలో ఏ ఊరి దొరైనా పంట తొక్కారనే నెపంతో మందను పట్టుకుని జరిమానా గుంజే అవకాశం దాంతో పోయింది. మెత్తటి ఉన్ని కోసం స్పెయిన్ నుంచి మెరినో పొట్టేళ్లను తెప్పించడమూ ఈ పథకంలో భాగమే; నేటి జెంతీలె ది పూల్యా జాతి ఆ సంకరం నుంచి వచ్చిందే.

మందలు నడిచే దారిని త్రత్తూరో అంటారు. పెద్ద త్రత్తూరో వెడల్పు 60 నేపుల్స్ పాసోలు (ఒక్కో పాసో సుమారు 1.85 మీటర్లు), అంటే 111 మీటర్లు. దారికి అంత వెడల్పు ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. లాక్విలా నుంచి ఫోజ్జా వరకు 244 కిలోమీటర్లు. 111 మీటర్ల వెడల్పుతో గుణిస్తే సుమారు 2,700 హెక్టార్లు, 6,600 ఎకరాలకు పైన. గొర్రె రోజుకు 15 నుంచి 20 కిలోమీటర్లు నడవగలదు, అదీ మేస్తూ నడిస్తేనే. రెండు వారాల ప్రయాణంలో మేత దొరక్కపోతే సగం మంద దారిలోనే చిక్కిపోతుంది. కాబట్టి త్రత్తూరో అంటే దారి రూపంలో ఉన్న పొడవాటి పచ్చిక బయలు. సాంతో స్తెఫానో మందలు కొండ దిగి నవెల్లి మైదానం దగ్గర ఈ పెద్ద దారిని కలిసేవి. అక్కడ సాంతా మరియా దేయి చెంతురెల్లీ గుడి దగ్గర దారి రెండుగా చీలుతుంది: ఒకటి సముద్రతీరం వైపు, మరొకటి లోపలి కొండల గుండా.

దారికి శత్రువు నాగలి. అంచున పొలం ఉన్న రైతు ఏటా ఒక చాలు లోపలికి దున్నుతాడు. ఏళ్లు గడిచేకొద్దీ 111 మీటర్లు తగ్గుతూ పోతుంది. అందుకే ప్రభుత్వం కొన్ని తరాలకోసారి మళ్లీ కొలిపించి, ఆక్రమణలు తొలగించి, అంచుల్లో హద్దురాళ్లు పాతించేది. ఆ కొలతల పటాలు ఫోజ్జా దస్తావేజుల్లో భద్రంగా ఉన్నాయి. నేడు త్రత్తూరోల ఉనికిని రుజువు చేయడానికి అవే ఆధారం.

ప్రయాణపు పని విభజన కచ్చితంగా ఉండేది. మొత్తం మందలకు పెద్ద మస్సారో. పుల్లరి లెక్కలు, అమ్మకాలు, గొడవలు ఆయనవి. చీజ్ చేసేవాడు వేరు. కంచరగాడిదల మీద వలలు, గిన్నెలు, గుడారాలు మోసుకుని ముందుగా వెళ్లి రాత్రి విడిది సిద్ధం చేసేవాడు వేరు. రెండు మూడు వందల గొర్రెల చొప్పున విడగొట్టి ఒక్కో మందకు ఒక్కో కాపరి. సాయానికి పదేళ్లు నిండని పిల్లలు కూడా ఉండేవారు. తోడేళ్ల కోసం తెల్ల మరెమ్మా-అబ్రుజో కుక్కలు, వాటి మెడకు ఇనుప ముళ్ల పట్టీ. తోడేలు మొదట పట్టేది గొంతునే కదా. ఆ పట్టీలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, ఎందుకంటే తోడేళ్లూ ఉన్నాయి.

సెప్టెంబర్ చివర సెయింట్ మైకేల్ పండుగ ప్రాంతంలో దిగడం, మే నెలలో ఫోజ్జా సంతలో ఉన్ని, చీజ్, గొర్రెపిల్లల్ని అమ్మి తిరిగి ఎక్కడం. మగవాళ్లు ఏడెనిమిది నెలలు ఊళ్లో ఉండరు. సేద్యం, ఇల్లు, నేత, అప్పుల లెక్కలు, పిల్లల పెంపకం అన్నీ ఆడవాళ్ల చేతుల్లోనే నడిచేవి. కాపరుల గురించి రాసిన చరిత్రలో వీళ్లకు దక్కిన చోటు చాలా తక్కువ. కొండ మీది ఊరు ఐదు శతాబ్దాలు నిలబడిందంటే మంచు పడిన నెలల్లో దాన్ని నిలబెట్టినవాళ్లు వీళ్లే.

ఫ్లోరెన్స్ ప్రభువుల చేతిలో

15వ శతాబ్దంలో నేపుల్స్ రాజు ఫెర్రాంతే, కరపెల్లె జమీను పిక్కొలోమిని కుటుంబానికి ఇచ్చాడు. సాంతో స్తెఫానో, కలాషో, కాస్తెల్వెక్కియో, కరపెల్లె ఇవన్నీ దాని కిందివే. 1579లో కొస్తాంజా పిక్కొలోమిని ఆ జమీను తుస్కనీ గ్రాండ్ డ్యూక్ మొదటి ఫ్రాంచెస్కో దె మెదిచికి అమ్మింది. ఫ్లోరెన్స్ ప్రభువు అంత దూరాన, పరాయి రాజ్యంలో, మంచు కొండల్లో ఊళ్లు కొనడం వింతగా అనిపిస్తుంది. కానీ ఫ్లోరెన్స్ సంపదకు పునాది ఉన్ని నేత. ఉన్ని ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టు దొరికితే మధ్య వర్తకుల బేరం తగ్గుతుంది.

ఈ కొండల్లో రెండు రకాల ఉన్ని దొరికేది. మెరినో కలిసిన తెల్ల ఉన్ని మంచి బట్టకు. కర్ఫాన్యా అనే నల్లటి ముతక ఉన్ని సైనికుల దుస్తులకు, సన్యాసుల అంగీలకు. మన కురుమలు నేసే గొంగడి ఉన్నికి ఇది దగ్గరి చుట్టం: రంగు వేయక్కర్లేదు, వాన నీరు త్వరగా లోపలికి దిగదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. ముతకదైనా గిరాకీ నిలకడగా ఉండేది, ఎందుకంటే సైన్యాలూ మఠాలూ ఏటా కొంటాయి.

మెదిచి పాలన 1743 వరకు, అంటే ఆ వంశపు చివరి వారసురాలు ఆన్నా మరియా లుయీజా మరణం వరకు సాగింది. తర్వాత ఊరు నేపుల్స్ బోర్బన్ రాజుల పరమైంది. ఊరి ద్వారం మీద మెదిచి వంశ చిహ్నం ఇప్పటికీ కనిపిస్తుంది. చెక్కిన రాతి గుమ్మాలు, జంట కమానుల కిటికీలు, వర్తకుల ఇళ్ల ముఖభాగాలు ఉన్ని డబ్బు పారిన శతాబ్దాలవి. ఊరి నడిమి గుండ్రటి బురుజును మాత్రం మెదిచి బురుజు అని పిలిచినా, అది వాళ్లకంటే పాతది, 14వ శతాబ్దపుది.

చట్టం మారింది, బతుకు ఆగింది

1806 మే 21న, నేపుల్స్‌ను పాలిస్తున్న నెపోలియన్ అన్న జోసెఫ్ బోనపార్టే గొర్రెల సుంకపు శాఖను రద్దు చేశాడు. తవోలియెరేలో ప్రభుత్వ పచ్చిక శాశ్వత కౌలుకు పోయింది. 1865లో ఏకీకృత ఇటలీ చేసిన చట్టం ఆ కౌలుదార్లను యజమానుల్ని చేసింది. యజమాని అయినవాడు గొర్రెలు మేపనివ్వడం మానేసి గోధుమ వేశాడు. ఎకరానికి లాభం అందులోనే ఎక్కువ. అతని తప్పేమీ లేదు. కానీ 244 కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి శీతాకాలపు మేత పోయింది. అదే శతాబ్దంలో ఆస్ట్రేలియా ఉన్ని ఓడల్లో వచ్చి ధర కూల్చింది. ఒకేసారి మేతా, ధరా రెండూ పోతే మందలు నిలబడవు.

తర్వాత కథ ఇటలీ కొండల ఉమ్మడి కథే. అమెరికా, కెనడా, బెల్జియం గనులు, రోమ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వెళ్లినవాళ్లు ఇల్లు అమ్మలేదు, కొనేవాడు లేడు. తాళం వేసి వెళ్లారు. ఆ ఇంటికి ఇప్పుడు నాలుగు దేశాల్లో పదిహేను మంది వారసులుండవచ్చు. ఈ సంగతి భూకంపం తర్వాత ఎంత పెద్ద చిక్కు అయిందో ముందు ముందు చూస్తాం.

చిన్న మసూరు, పెద్ద కష్టం

గొర్రెలు తగ్గినా ఊరి వెనక పొలాల్లో ఒక పంట మిగిలింది. అది మన వంటింట్లోని మసూరు పప్పు జాతే. సాంతో స్తెఫానో మసూరు గింజ కేవలం 2 నుంచి 5 మిల్లీమీటర్లు, ముదురు గోధుమ-ఊదా రంగు. 998 నాటి మఠ పత్రాల్లోనే ఈ ప్రాంతపు మసూరు సాగు ప్రస్తావన ఉందంటారు. సంప్రదాయ ఆహారాన్ని కాపాడే స్లో ఫుడ్ సంస్థ దీన్ని తన సంరక్షణ పంటల జాబితాలో చేర్చింది.

1,150 మీటర్ల పైన, సున్నపురాతి బీడు నేలలో పండుతుంది. మంచు కరిగాక మార్చి రెండో సగం నుంచి మే మొదలు దాకా విత్తుతారు. ఎత్తు పెరిగేకొద్దీ ఆలస్యం. కోత జులై చివర నుంచి ఆగస్టు చివర వరకు. గొర్రెల ఎరువు, గాలిలోని నత్రజనిని పట్టే వేరు బుడిపెలు, ఈ రెండే బలం. పాతకాలపు పంట మార్పిడిలో మసూరు తర్వాత సొలీనా అనే కొండ గోధుమ వేసేవారు. చలిని తట్టే ఆ గోధుమకు మసూరు వదిలిన నత్రజని సరిపోయేది.

కష్టమంతా కోతలో ఉంది. మొక్క జానెడు పైచిలుకే, అడుగు దాటదు. కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి, నేల నిండా రాళ్లు. యంత్రం కత్తి కిందికి దించితే రాళ్లకు తగిలి విరుగుతుంది, పైకెత్తితే కింది కాయలు పొలంలోనే పోతాయి. పైగా కాయలన్నీ ఒకేసారి పండవు. అడుగు కాయలు ఎండి పగిలే సమయానికి పైన పువ్వు ఉంటుంది. అన్నీ పండేదాకా ఆగితే సగం గింజ రాలిపోతుంది. తొందరపడితే పచ్చిగింజ కలిసి నిల్వలో బూజు పడుతుంది. కింది కాయలు గోధుమ రంగుకు తిరిగినప్పుడు, మంచు తడి ఉన్న తెల్లవారుజామున కోసి, వరుసలుగా పరిచి కొన్ని రోజులు పొలంలోనే ఎండనిచ్చి నూర్చడం పాత పద్ధతి. తడి ఉంటే కాయ పగలదు. నూర్చాక రాళ్లు, గడ్డి విత్తనాలు చేరిగి తీయాలి. పురుగు పట్టకుండా ఇప్పుడు చాలామంది గింజను కొన్ని రోజులు గడ్డకట్టే చలిలో ఉంచుతారు.

గింజ చిన్నది, తొక్క పలుచన, కాబట్టి నానబెట్టక్కర్లేదు. చల్లటి నీళ్లలో వేసి, వెల్లుల్లి, బిర్యానీ ఆకు లాంటి లారెల్ ఆకు, ఉప్పు, కాస్త ఆలివ్ నూనెతో సన్నటి మంట మీద ఉడికిస్తే అరగంట లోపే మెత్తబడుతుంది, గింజ మాత్రం చితకదు. దాన్ని వేయించిన రొట్టె ముక్కల మీద పోస్తారు. దిగుబడి తక్కువ, కూలి ఎక్కువ కాబట్టి ధర మామూలు మసూరుకు చాలా రెట్లు. అదే పేరుతో బయటి గింజ అమ్మడం ఇక్కడి రైతులకు అసలు తలనొప్పి. గింజ పరిమాణం ఒకే తీరుగా ఉండి, నిగనిగలాడుతూ, చవగ్గా దొరికితే అనుమానించాల్సిందే. ఇక్కడి పంట గింజలు చిన్నా పెద్దా కలిసే ఉంటాయి.

ఊరంతా ఒకే హోటల్

1999లో స్వీడిష్-ఇటాలియన్ వ్యాపారి డానియేలె కిల్‌గ్రెన్ ఈ ఊరికి వచ్చి, ఖాళీ ఇళ్లను కొనడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు సెక్స్‌తాంతియో పేరుతో హోటల్ తెరిచాడు. దాని పద్ధతిని ఇటలీలో అల్బెర్గో దిఫ్ఫూజో అంటారు, అంటే ఊరంతా పరుచుకున్న హోటల్. ఈ ఆలోచన అంతకుముందే, ఈశాన్య ఇటలీలో 1976 నాటి ఫ్రియూలి భూకంపం తర్వాత అక్కడి ఖాళీ ఇళ్లను ఏం చేయాలన్న చర్చలో పుట్టింది. దానికి రూపమిచ్చినవాడు జాంకార్లో దల్లారా. నియమాలు సరళం: కొత్త భవనం కట్టకూడదు, ఉన్న ఇళ్లే గదులు, అవి కొన్ని వందల మీటర్ల లోపే ఉండాలి, నడిపేది ఒక్క సంస్థే కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్లో మనుషులు బతుకుతూ ఉండాలి.

సెక్స్‌తాంతియో మరమ్మతుల్లో అరుదైన పట్టుదల కనిపిస్తుంది. పొయ్యి పొగకు నల్లబడిన గోడల్ని గీకలేదు. గది కొలతలు మార్చలేదు. వెచ్చదనానికి నేల కింద గొట్టాలు వేసి, పైన పాత పలకలే పరిచారు. పడక దుప్పట్లు చేతిమగ్గం మీద నేయించారు. ఆ చుట్టూ కొత్త నిర్మాణాలు రాకుండా పంచాయతీతోనూ, గ్రాన్ సాస్సో జాతీయ ఉద్యానవనంతోనూ ఒప్పందం చేసుకున్నారు. దాని ఫలితం ఊరి బయట నిలబడి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది: కొండకూ ఊరికీ మధ్య సిమెంటు డబ్బా ఒక్కటీ లేదు. దీన్ని చూసి మిగతా యజమానులూ ఇళ్లు బాగుచేసి గదులు అద్దెకిచ్చారు.

అయితే ఈ నమూనా మెచ్చుకునేవాళ్లు తరచూ మరిచే విషయం ఒకటుంది. గదులు పెరిగినంత వేగంగా నివాసులు పెరగలేదు. బడి, వైద్యుడు, మందుల దుకాణం లాంటివి పర్యాటకుల సంఖ్యను బట్టి రావు. నమోదైన నివాసుల సంఖ్యను బట్టి వస్తాయి. ఆగస్టులో సందులు నిండి, ఫిబ్రవరిలో బోసిపోయే ఊళ్లో ఆస్తి ధర పెరుగుతుంది. దాంతో అక్కడే బతకాలనుకునే కుర్ర కాపరికి ఇల్లు అందకుండా పోతుంది. రాళ్లను కాపాడినంత శ్రద్ధగా పొలాల్ని, మందల్ని కాపాడకపోతే మిగిలేది గదుల సముదాయమే.

2009 ఏప్రిల్ 6, తెల్లవారుజాము 3:32

లాక్విలా దగ్గర 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మొత్తం 309 మంది చనిపోయారు. సాంతో స్తెఫానోలో చాలా ఇళ్లు పగుళ్లతో నిలబడ్డాయి. ఊరికి గుర్తుగా ఉన్న బురుజు మాత్రం పూర్తిగా కూలి, రాళ్ల కుప్పయింది. ఆరు శతాబ్దాలు, అన్ని భూకంపాలు చూసిన కట్టడం ఈసారే ఎందుకు పడింది?

20వ శతాబ్దపు మరమ్మతుల్లో బురుజు పైన ఆర్‌సీసీ స్లాబు వేశారు. నిపుణులు వేలు చూపించింది దానివైపే. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. 6 మీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల మందం ఉన్న స్లాబు అనుకుంటే దాని బరువు సుమారు 14 టన్నులు. అదే వైశాల్యంలో చెక్క దూలాలు, పలకల అంతస్తు ఒకటిన్నర టన్నులకు మించదు. నేల అడ్డంగా ఊగినప్పుడు పుట్టే బలం బరువును బట్టి ఉంటుంది. గురుత్వంలో 30 శాతం త్వరణం వస్తే స్లాబు 4 టన్నులకు పైగా పక్కకు నెడుతుంది, చెక్క అర టన్ను లోపే. పైగా అది సుమారు 20 మీటర్ల బురుజు కొసన ఉంది. అడుగుకంటే కొస ఎక్కువగా ఊగుతుంది. కింద ఉన్నది సున్నం గారతో పేర్చిన రాయి. దానికి నొక్కుడును తట్టే శక్తి ఉంది, లాగుడును తట్టే శక్తి దాదాపు లేదు. స్లాబు గట్టిపలకలా ఒక్కటిగా కదులుతూ కింది రాళ్లను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

ఇది ఈ ఒక్క బురుజు సమస్య కాదు. 1980 ఇర్పీనియా భూకంపం తర్వాత ఇటలీలో రాతి ఇళ్లను బలపరచడమంటే చెక్క కప్పు తీసి కాంక్రీటు స్లాబు వేయడం, గోడ పైన కాంక్రీటు బెల్టు పోయడం అనే ధోరణి వ్యాపించింది. 1997లో ఉంబ్రియా-మార్కె భూకంపం దాని లోపాన్ని బయటపెట్టింది. బెల్టు నిలిచింది, కింద గోడ రాలిపోయింది. అప్పటికే ఇంజినీర్లకు తెలిసిన ఈ విషయం, బలపరిచామనే ధైర్యంతో ఉన్న వందల కట్టడాలకు చేరనేలేదు.

ఈ ఊరి గోడల్లో అసలు బలహీనత ఎక్కడుందో తెలిస్తేనే మరమ్మతు కుదురుతుంది. చాలా గోడలు రెండు పొరలు: బయటా లోపలా పేర్చిన రాళ్లు, మధ్యలో ముక్కలు, మట్టి, సున్నం. రెండు పొరల్నీ కలుపుతూ గోడ మందమంతా అడ్డంగా పడే పొడవాటి రాళ్లు తక్కువగా ఉంటే, ఊపుకు పొరలు విడిపోయి బయటిది సందులోకి కూలుతుంది. కాబట్టి పని ఈ క్రమంలో సాగాలి. ముందు కీళ్లలో వదులు గార తీసి, సున్నంతో మళ్లీ నింపాలి; లేకపోతే తర్వాత లోపలికి పంపే సున్నపు పాలు బయటికి కారిపోతాయి. తర్వాత చదరపు మీటరుకు మూడు నాలుగు రంధ్రాలు చేసి, అడుగు వరుస నుంచి పైకి, తక్కువ ఒత్తిడితో హైడ్రాలిక్ సున్నపు (తడిలోనూ గట్టిపడే సున్నం) పాలను గోడ లోపలికి ఎక్కించాలి; దీన్నే గ్రౌటింగ్ అంటారు. ఒత్తిడి పెంచితే పాలే పొరల్ని విడదీస్తాయి. సిమెంటు వాడితే అది పాత గారలోని లవణాలతో చర్య జరిపి ఉబ్బి గోడను పగలగొట్టే ప్రమాదం ఉంది, తేమనూ బంధిస్తుంది. ఆ తర్వాత పొరల్ని కలిపే అడ్డరాళ్లు లేదా వాటికి బదులు ఉక్కు కడ్డీలు. చివరగా అంతస్తు స్థాయిలో ఒక గోడ నుంచి ఎదుటి గోడకు ఇనుప కడ్డీ లాగి, బయట ఇనుప పలకతో బిగించడం. ఈ కడ్డీ పద్ధతి శతాబ్దాల నాటిది, చవకది, ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది. కప్పు చెక్కదే ఉండాలి, కానీ దూలాలను గోడకు బిగించాలి. ఊరికే ఆనించి వదిలితే ఊపుకు జారిపడతాయి.

కాగితాల చిక్కు

రాతి పని కంటే కాగితాల పని ఎక్కువ కాలం తిన్నది. భూకంపం తర్వాత ప్రతి భవనానికీ ఇంజినీర్లు ఎ నుంచి ఎఫ్ వరకు గుర్తు ఇచ్చారు. ఎ అంటే వాడుకోవచ్చు, ఇ అంటే వాడకూడదు, ఎఫ్ అంటే పక్క కట్టడం కూలే ముప్పు వల్ల దూరంగా ఉండాలి. కానీ సాంతో స్తెఫానోలో విడి ఇల్లు అనేదే లేదు. గోడలు ఉమ్మడి, కమానులు ఉమ్మడి, ఒకరి పడకగది మరొకరి పశువుల కొట్టం మీద. ఒక్క ఇంటినే బలపరిస్తే పక్క ఇంటి మీదికి బలం మళ్లుతుంది. అందుకే ఆనుకుని ఉన్న ఇళ్లన్నిటినీ ఒక సమూహంగా లెక్కగట్టి, యజమానులంతా సంఘంగా ఏర్పడి ఒకే ప్రాజెక్టు సమర్పించాలని నిబంధన పెట్టారు. సాంకేతికంగా ఇది సరైన నిర్ణయం. అమలులో మాత్రం కెనడాలో ఉన్న మనవడి సంతకం కోసం ఒక వరుస ఇళ్లన్నీ ఆగాయి. వారసత్వం నమోదు కాని ఇళ్లలో యజమాని ఎవరో తేల్చడానికే ఏళ్లు పట్టాయి. సగానికి పైగా విస్తీర్ణం ఉన్నవారు కలిస్తే సంఘం ఏర్పడవచ్చనే వెసులుబాటు, రాని చోట మేయర్ ప్రతినిధిని నియమించే అధికారం ఈ ముడిని కొంత విప్పాయి. బురుజును కూడా, దాని రాళ్లను వేరుచేసి భద్రపరిచి, పాత రూపంలో మళ్లీ లేపారు.

2020 అక్టోబర్‌లో పంచాయతీ మరో ప్రయత్నం చేసింది. అప్పటి లెక్క ప్రకారం నమోదైన జనాభా 115, అందులో 41 మంది పింఛనుదార్లు, 20 ఏళ్ల లోపువారు 13 మంది. 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారు వచ్చి స్థిరపడితే మూడేళ్లపాటు ఏటా 8,000 యూరోల వరకు, ఏదైనా చిన్న వ్యాపారం మొదలుపెడితే ఒకసారికి 20,000 యూరోల వరకు ఇస్తామని, ఇంటికి నామమాత్రపు అద్దె తీసుకుంటామని ప్రకటించింది. కనీసం ఐదేళ్లు ఉండాలన్నది షరతు. వందల కొద్దీ దరఖాస్తులు వచ్చాయి, కానీ తీసుకోదలిచింది కొద్దిమందినే. ఐదేళ్ల షరతులోనే ఈ పథకపు అసలు పరీక్ష ఉంది. జులైలో వచ్చినవారు మొదటి ఫిబ్రవరిని దాటగలగాలి: మంచు తోడి తలుపు తెరవడం, వైద్యుడి కోసం కొండ దిగడం, సాయంత్రం ఆరుకే చీకటి పడే సందులు. ఆ నెలల్లో కూడా కూలి దొరికే పని కావాలి. వేసవి గదుల అద్దె ఆ పని ఇవ్వదు. మరమ్మతు మేస్త్రీగిరీ, గొర్రెలు, చీజ్, మసూరు శుభ్రం చేసి పొట్లాలు కట్టడం లాంటివే ఇవ్వగలవు. 2019లో యునెస్కో మందల రుతు వలసను ఇటలీ, ఆస్ట్రియా, గ్రీస్‌ల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. కాంపో ఇంపెరాతోరేలో ఇప్పటికీ వేసవి మందలు మేస్తున్నాయి, కొన్ని లారీల్లో వచ్చి లారీల్లో వెళతాయి. వాటి వెంట ఉన్న కాపరుల్లో చాలామంది ఇప్పుడు మాసిడోనియా, రొమేనియాల నుంచి వచ్చినవారు. ఊరు స్థిరపరచాల్సిన కొత్త నివాసుల కోసం వెతికేటప్పుడు మొదట చూడాల్సింది వాళ్ల వైపే.